పల్లీలా, చెనిక్కాయలా, వేరుశనగా?

హైదరాబాద్‌లో అవి పల్లీలు. కడప, చిత్తూరు వైపు చెనిక్కాయలు. కర్నూలు పల్లెల్లో బుడ్డలు. వ్యవసాయ శాఖ కాగితాల్లోనూ బడి పుస్తకాల్లోనూ వేరుశనగ. వాటిని వేయించి, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి చేర్చి రోట్లో బరకగా నూరితే రాయలసీమలో ఊరిబిండి అంటారు. సంగటిలోకి దాన్ని మించింది లేదని అక్కడివాళ్ల లెక్క. గోదావరి జిల్లాల మనిషి ముందు ఆ మాట అంటే ‘అదేం పిండి?’ అని అడిగినా అడుగుతాడు.

కడప జిల్లాలో పుట్టి హైదరాబాద్‌లో కాపురముంటున్న ఒకావిడ వంటల వెబ్‌సైట్ మొదలుపెట్టారనుకుందాం. మొదటి వంటగా ఊరిబిండి గురించే రాశారు. ఫొటోలు బాగా కుదిరాయి, కొలతలు పక్కాగా ఉన్నాయి. పేజీకి పెట్టిన పేరు ‘అమ్మమ్మ రోటి కమ్మదనం’. మూడు నెలలు గడిచాయి. చూసినవాళ్లు ఆవిడ చెల్లెలు, మేనకోడలు, ఇద్దరు స్నేహితురాళ్లు. వంటలో లోపమేమీ లేదు. ‘అమ్మమ్మ రోటి కమ్మదనం’ అని గూగుల్‌లో కొట్టేవాళ్లు లేరు, అంతే.

వెతికే పెట్టెలో జనం కొట్టే మాటనే కీవర్డ్ అంటారు. అది ఒక్క పదం కావచ్చు, ‘పల్లీ పచ్చడి ఎలా చేయాలి’ అన్నట్టు పూర్తి ప్రశ్నే కావచ్చు. వెబ్‌సైట్ నడిపేవాళ్లలో చాలామంది దీన్ని పేజీలో ఎన్నిసార్లు చొప్పించాలా అని ఆలోచిస్తారు. అసలు తేల్చుకోవాల్సింది ఆ మాట ఎవరిదన్నది. రాసేవాళ్ల నోట్లో మాట ఒకటి, వెతికేవాళ్ల నోట్లో మాట ఇంకొకటి. ఈ రెండూ కలిసేచోటు వెతుక్కోవడానికే ఎస్‌ఈఓ అనే మూడక్షరాల పేరుతో పెద్ద వ్యాపారమే నడుస్తోంది.

గూగులమ్మను అడిగితే అన్నీ చెబుతుందని జనం నోట్లో నానుడి అయిపోయింది గానీ, అడిగిన క్షణంలో ఆమె లోకమంతా తిరిగి రాదు. ఆ తిరుగుడు ముందే అయిపోయి ఉంటుంది. క్రాలర్లనే ప్రోగ్రాములు ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి, అక్కణ్నుంచి మరో పేజీకి పోతూ కనబడినదంతా చదువుకుంటాయి. చదివిందాన్ని పెద్ద పుస్తకాల చివర ఉండే పదసూచికలాగా పేర్చి పెడతారు. ‘ఊరిబిండి’ అనే మాట కింద, ఆ మాట ఉన్న పేజీలన్నిటి చిట్టా ఉంటుంది. ఎవరైనా అడగ్గానే తీసేది ఆ చిట్టానే. చిట్టాలో పేరు లేని పేజీ, ఎంత గొప్పదైనా, బయటికి రావడం కష్టం.

ఈ ఆలోచన వయసు ఇంటర్నెట్ కన్నా ఎక్కువ. 1950ల చివర్లో ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్, శాస్త్ర వ్యాసాల శీర్షికల్లోని ముఖ్యమైన మాటల్ని వాటి అటూ ఇటూ ఉన్న మాటలతో సహా అక్షర క్రమంలో అచ్చువేసే పద్ధతి ఒకటి తెచ్చాడు. దాని పేరు ‘కీవర్డ్ ఇన్ కాంటెక్స్ట్’. అంటే సందర్భంతో సహా కీలకపదం. సందర్భం లేని పదం సగం పదమేనని అప్పటికే తెలుసన్నమాట. ఆ సంగతి వెబ్‌సైట్ల వాళ్లు మళ్లీ నేర్చుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది.

అంతకన్నా పెద్ద మలుపు 1972లో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ ఒక సులువైన గమనికను లెక్కగా మార్చింది: అన్నిచోట్లా కనబడే మాటకు విలువ తక్కువ, అరుదుగా కనబడే మాటకు విలువ ఎక్కువ. వంద వంటల పుస్తకం ఒకటి ఊహించుకోండి. ‘ఉప్పు’ అనే మాట తొంభై అయిదు వంటల్లో ఉంటుంది. కాబట్టి ఉప్పు అని వెతికితే పుస్తకమంతా చేతికొచ్చినట్టే, ఏమీ తేలదు. ‘పల్లీ’ ఓ పది పన్నెండు వంటల్లో ఉండొచ్చు. ‘ఊరిబిండి’ ఒకే ఒక్క చోట. ఆ ఒక్క మాట చాలు, పేజీ దొరికిపోవడానికి. ఇవాళ సెర్చ్ ఇంజిన్లు వాడే లెక్కలు ఎంతో ముదిరిపోయాయి గానీ, వాటి అడుగున ఈ సూత్రం ఇంకా బతికే ఉంది. ‘రుచికరమైన’, ‘నాణ్యమైన’, ‘ఉత్తమ సేవలు’ లాంటి మాటలతో నింపిన పేజీలు ఎందుకు తేలవో కూడా ఇందులోనే ఉంది. అవన్నీ ఉప్పులాంటి మాటలు.

1995 డిసెంబరులో ఆల్టావిస్టా వచ్చింది. అప్పట్లో అదొక అద్భుతం. పేజీలోని ప్రతి మాటనూ వెతికిపెట్టేది. మరి ఒకే మాట వెయ్యి పేజీల్లో ఉంటే ఎవరిది పైన పెట్టాలి? ఆ తరం సెర్చ్ ఇంజిన్లు చాలావరకు పేజీలో ఆ మాట ఎన్నిసార్లుందో, శీర్షికలో ఉందో లేదో చూసేవి. దాంతోపాటు ‘మెటా కీవర్డ్స్’ అని ఒక అర ఉండేది. పేజీ చూసేవారికి కనబడదు, యంత్రానికి మాత్రం కనబడుతుంది. నా పేజీ ఈ ఈ విషయాల గురించి అని యజమాని అందులో చెప్పుకోవచ్చు. తన సరుకు గురించి తనే చెప్పుకోమంటే ఎవరు తగ్గుతారు? సంబంధం ఉన్నా లేకున్నా సినిమా తారల పేర్లన్నీ అందులో కూరేవారు. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు రాసేవారు. మనిషికి ఖాళీ జాగా, యంత్రానికి పదాల జాతర.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ పెట్టి ఆటను ఇంకో వైపు తిప్పారు. పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటోందన్నదొక్కటే కాక, మిగతా పేజీలు దానికి ఎన్ని లింకులిస్తున్నాయో, ఏ మాటతో ఇస్తున్నాయో కూడా లెక్కలోకి తెచ్చారు. ఊళ్లో ఒక డాక్టరు సంగతి ఆయన బోర్డు చూసి కాక, నలుగురు చెప్పే మాట విని తెలుసుకోవడంలాంటిదే ఇది. అయితే నలుగురూ కూడబలుక్కుంటే? 2003లో అదీ జరిగింది. చాలామంది బ్లాగర్లు ‘మిజరబుల్ ఫెయిల్యూర్’, అంటే దారుణమైన వైఫల్యం, అనే మాటకు అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జీవిత విశేషాల పేజీని లింకు చేశారు. ఆ మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. అయినా ఆ మాట వెతికితే మొదట వచ్చేది వైట్‌హౌస్ సైట్‌లోని ఆ పేజీయే. దీన్ని గూగుల్ బాంబు అన్నారు. 2007 జనవరిలో గూగుల్ తన లెక్క మార్చాక గానీ అది చల్లారలేదు.

పెద్ద కంపెనీలు కూడా ఈ తంటాలో పడ్డాయి. 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ జర్మనీ వెబ్‌సైట్‌ను గూగుల్ తన ఫలితాల్లోంచి తీసేసింది. ఆ సైట్‌లో యంత్రం కోసం ఒక పేజీ, మనుషుల కోసం ఇంకో పేజీ ఉన్నాయి. యంత్రానికి చూపిన పేజీలో, పాత కార్లు అని అర్థమొచ్చే జర్మన్ మాటను పదేపదే దట్టించారు. మనిషి ఆ లింకు నొక్కితే మాత్రం తళతళలాడే కార్ల బొమ్మలున్న వేరే పేజీకి పంపేవారు. ఆ పేజీలు తీసేశాక కొద్దిరోజులకే సైట్‌ను మళ్లీ చేర్చుకున్నారు గానీ, అంత పేరున్న కంపెనీకే దిక్కు లేకపోతే మనకేంటని చిన్నవాళ్లు జాగ్రత్తపడ్డారు. 2009 సెప్టెంబరులో, మెటా కీవర్డ్స్ అరను ఫలితాల వరస తేల్చడానికి తాము చూడనే చూడమని గూగుల్ బహిరంగంగా ప్రకటించింది. ఆ అర నింపిపెడతామని డబ్బులడిగే వెబ్ డిజైనర్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. ఆ ప్రకటన వాళ్లకు చూపిస్తే సరి.

తర్వాత గూగుల్ లెక్కలో వచ్చిన మార్పులకు జంతువుల పేర్లు, పక్షుల పేర్లు పెట్టారు. 2011లో పాండా పసలేని పేజీల్ని కిందికి తోసింది. 2012లో పెంగ్విన్ కొనుక్కున్న లింకుల పని పట్టింది. 2013లో వచ్చిన హమ్మింగ్‌బర్డ్ మాటల్ని విడివిడిగా కాక ప్రశ్న మొత్తాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం మొదలుపెట్టింది. వీటన్నిటికన్నా తెలుగువాళ్లు పట్టించుకోవాల్సింది 2019లో వచ్చిన బెర్ట్.

బెర్ట్ గురించి చెప్పేటప్పుడు గూగుల్ ఒక ఉదాహరణ ఇచ్చింది. బ్రెజిల్ నుంచి అమెరికాకు వెళ్లే మనిషికి వీసా కావాలా అని ఎవరో ఇంగ్లీషులో అడిగారు. ‘టు’ అనే బుల్లి మాటను పాత లెక్క పట్టించుకునేది కాదు. బ్రెజిల్, అమెరికా, వీసా అనే మూడు పెద్ద మాటల్ని పట్టుకుని, బ్రెజిల్ వెళ్లే అమెరికన్లకు సంబంధించిన పేజీలు చూపేది. బెర్ట్ వచ్చాక ఆ చిన్న మాట దిశను తేలుస్తుందని యంత్రానికి తెలిసింది. తెలుగులో ఈ పని చేసేవి ‘కి’, ‘నుంచి’, ‘లో’, ‘తో’. విజయవాడ నుంచి తిరుపతికి బస్సు వేరు, విజయవాడకి తిరుపతి నుంచి బస్సు వేరు. మూడో తరగతి పిల్లవాడికి తెలిసిన ఈ సంగతి యంత్రానికి తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇంగ్లీషుతో మొదలైన బెర్ట్‌ను అదే ఏడాది డిసెంబరులో తెలుగుతో సహా డెబ్బైకి పైగా భాషలకు విస్తరించారు.

అసలు తెలుగు వెబ్‌లోకి వచ్చిన దారే వేరు. మొదట్లో తెలుగు దినపత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లతో నడిచేవి. కంప్యూటర్ లోపల నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటిమీద తెలుగు బొమ్మలు తొడిగేవారు. ఒక పత్రిక ఫాంటులో ‘క’ అనిపించేది ఇంకో పత్రిక ఫాంటులో మరో అక్షరమయ్యేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. అలాంటి పేజీని ఏ సెర్చ్ ఇంజిన్ చదవగలదు? ఆ పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ లాంటి పరికరాలను స్వచ్ఛందంగా తయారుచేసినవాళ్లున్నారు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 3072 నుంచి 3199 వరకూ అంకెలు తెలుగువి. ‘క’ ఎక్కడ రాసినా, ఎవరు రాసినా 3093 అనే అంకే. ఈ ఒక్క ఒప్పందం అందరూ పాటించాకే తెలుగులో కీవర్డ్ అనే మాటకు అర్థం వచ్చింది.

అర్థం వచ్చింది గానీ చిక్కులు తీరలేదు. ‘ఇల్లు’నే చూడండి. ఇంటికి, ఇంట్లో, ఇంటిమీద, ఇళ్లు, ఇళ్లకు. వీటిలో ఒక్కదాంట్లోనూ ‘ఇల్లు’ అన్న రూపం ఉన్నదున్నట్టు లేదు. ఇంగ్లీషులో ‘హౌస్’ బహువచనమైనా, ఏ విభక్తి తగిలినా మూలరూపం చెక్కుచెదరదు. తెలుగు మాట సందర్భాన్ని బట్టి ఒళ్లంతా మార్చేసుకుంటుంది. కాలు కాళ్లవుతుంది, గుడి గుళ్లో అవుతుంది, కన్ను కంట్లో నలుసవుతుంది. కేవలం అక్షరాలు సరిపోల్చే యంత్రానికి ఇది పెద్ద పరీక్ష. కనుక తెలుగులో రాసేవాళ్లు ఒకే రూపాన్ని పట్టుకుని వేలాడకుండా, సహజంగా మాట్లాడినట్టు ‘అద్దె ఇల్లు’, ‘అద్దెకు ఇళ్లు’, ‘ఇంటి అద్దె’ అని రాసుకుంటూ పోవడమే మేలు. అలా రాస్తే రూపాలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. అన్నట్టు హైదరాబాద్‌లో ఇల్లు వెతికే మనిషి నోటి మాట వీటిలో ఏదీ కాదు, ‘టూలెట్’.

వర్ణక్రమం ఇంకో గొడవ. ధ్రువీకరణ పత్రం అన్నది సరైన రూపం. ‘ధృవీకరణ’ అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు, సర్కారు బోర్డుల మీదా అలాగే కనబడుతుంది. ఈ రెండింటికీ కంప్యూటర్ అంకెలు వేరు. మూడో రకం మనుషులు ఈ బాధే పడకుండా ‘ఇన్‌కమ్ సర్టిఫికెట్’ అని కొడతారు. నిజానికి మీసేవ కౌంటర్ దగ్గర నిలబడి ‘ఆదాయ ధ్రువీకరణ పత్రం ఇప్పించండి’ అనే మనిషి దొరకడం కష్టం. పేజీ రాసే అధికారి గ్రాంథికంగా ఒక్క పేరే రాస్తే, ఆ పేజీ ఉన్నా లేనట్టే. భూముల రికార్డుల్లోనూ అంతే. ఆంధ్రలో అడంగల్ అన్నదాన్ని తెలంగాణలో పహాణీ అంటారు. తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. సర్కారు జీవోతో పోర్టల్ పేరు మారుతుంది, రైతు నోట్లో మాట రాత్రికి రాత్రి మారదు. కొత్త పేరున్న పేజీలో ‘ఇంతకుముందు ధరణి’ అని ఒక ముక్క ఉంటే ఎంతమందికి తిప్పట తప్పుతుందో.

కంటికి కనబడని తేడాలూ ఉన్నాయి. ‘ఫేస్‌బుక్’ అని విడదీసి రాయడానికి ‘స్’ తర్వాత ఒక అదృశ్యపు గుర్తు పెట్టాలి. అది లేకపోతే ‘బ’ వచ్చి ‘స’ కింద ఒత్తుగా కూర్చుని ‘ఫేస్బుక్’ అవుతుంది. పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఈ తేడాను దాటుకుని పోగలవు. చాలా వెబ్‌సైట్లలో మూలన ఉండే సొంత వెతుకుడు పెట్టెకు అంత తెలివి ఉండకపోవచ్చు. కథ ఉంటుంది, వెతికితే ‘ఫలితాలు లేవు’ అంటుంది.

ఇక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ల సంగతి. ‘పల్లీ’ని ఇంగ్లీషులో రాయమంటే ఒకరు ‘ఎల్’ ఒకటి వేస్తారు, ఒకరు రెండు. చివర్లో కొందరికి ‘ఐ’, కొందరికి రెండు ‘ఈ’లు, ఇంకొందరికి ‘వై’. పచ్చడిలో ‘చ’ దగ్గర మరో మూడు దారులు. లెక్కేస్తే ఒక్క పల్లీ పచ్చడికే పది పదిహేను వేషాలు తేలతాయి. వీటన్నిటినీ పేజీ కింద వరసగా పేర్చే సైట్లున్నాయి. అది చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పైగా అవసరమూ లేదు. ఈ వేషాల్లో చాలావాటి వెనక ఉన్నది ఒకే మనిషని గూగుల్ ఇప్పుడు పోల్చుకుంటుంది. పేజీ చిరునామాలో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు వాడుకోవడం నయం. దానికి ముచ్చటైన కారణం ఉంది. ‘ఊరిబిండి’ని కంప్యూటర్ ఎనిమిది గుర్తులుగా లెక్కపెడుతుంది. ఆ చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కో గుర్తూ తొమ్మిదేసి అక్షరాలుగా విచ్చుకుని, శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి మొత్తం డెబ్బై రెండింటి కలగూరగంపగా కనబడొచ్చు. అవతలివాళ్లు అదేదో వైరస్ అనుకుని నొక్కరు.

కడప ఆవిడ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆవిడ పేజీకి ఏం చేయాలి?

ముందు జనం ఏమంటున్నారో వినాలి. దానికి డబ్బు పెట్టక్కర్లేదు. గూగుల్ పెట్టెలో ‘పల్లీ’ అని కొట్టి ఆగితే చాలు, కింద వరసగా సూచనలు రాలతాయి. అవన్నీ జనం నిజంగా వెతికినవే. ‘పల్లీ చట్నీ’, ‘పల్లీ పట్టి’ అంటూ ఏదేదో వస్తుంది. ఫలితాల మధ్యలో ఇతరులు అడిగే ప్రశ్నలతో ఒక పెట్టె కనబడుతుంది. గూగుల్ ట్రెండ్స్‌లో రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి ఏ రాష్ట్రంలో ఏది ఎక్కువ వెతుకుతున్నారో చూడొచ్చు. ఇవన్నీ కాక ఇంకో పాత పద్ధతి ఉంది, ఎస్‌ఈఓ పుస్తకాల్లో పెద్దగా కనబడదు. రైతుబజారులో పది నిమిషాలు నిలబడి కొనేవాళ్లు ఏమని అడుగుతున్నారో వినడం.

రెండోది, వెతికేవాళ్లకు ఏం కావాలో తేల్చుకోవాలి. 2002లో ఆండ్రై బ్రోడర్ అనే శాస్త్రవేత్త వెతుకులాటల్ని మూడు రకాలుగా విడగొట్టాడు. కొందరికి ఫలానా సైట్‌కే చేరాలి. కొందరికి విషయం తెలియాలి. కొందరికి పని జరగాలి, అంటే కొనడమో, బుక్ చేయడమో. ‘ఊరిబిండి తయారీ’ అని కొట్టినామెకు రోలు దగ్గరుంది. ‘ఊరిబిండి ఆన్‌లైన్’ అని కొట్టినతను బహుశా ఏ డల్లాస్‌లోనో కూర్చుని సీసా కొనాలని చూస్తున్నాడు. ఇద్దరినీ ఒకే పేజీకి రప్పించాలని చూస్తే ఇద్దరూ వచ్చినంత వేగంగా వెళ్లిపోతారు.

మూడోది, కొత్తగా పెట్టిన చిన్న సైట్ ‘పచ్చడి’ అనే ఒక్క మాట కోసం పెద్దవాళ్లతో కుస్తీ పట్టకూడదు. పొడుగాటి, నిర్దిష్టమైన ప్రశ్నల్ని పట్టుకోవాలి. ‘పల్లీ పచ్చడి’ని వెయ్యి మంది రాసి ఉంటారు. ‘కొబ్బరి లేకుండా పల్లీ పచ్చడి ఇడ్లీలోకి’ అన్నదానికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ. ఇలాంటివాటిని ‘లాంగ్ టెయిల్’, పొడుగు తోక, అంటారు. 2004లో క్రిస్ ఆండర్సన్ ఒక వ్యాసంలో వ్యాపారం గురించి వాడిన మాట ఇది. కొద్దిమందే అడిగేవి లెక్కలేనన్ని ఉంటాయని, అవన్నీ కలిస్తే పెద్ద మొత్తమవుతాయని దాని సారం. రోజూ తమ దగ్గర జరిగే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందెన్నడూ ఎవరూ కొట్టనివేనని గూగుల్ ఏళ్లుగా చెబుతోంది. ఆ తోకకు అంతు లేదన్నమాట.

ఇక పేజీ పేరు. ‘అమ్మమ్మ రోటి కమ్మదనం’ను లోపలికి, మొదటి పేరాలోకి జరపొచ్చు, పోగొట్టుకోవాల్సిన పనిలేదు. పైన మాత్రం ‘ఊరిబిండి: రాయలసీమ పల్లీ పచ్చడి తయారీ’ అని ఉండాలి. తెలిసినవాళ్లకు ఊరిబిండి, తెలియనివాళ్లకు పల్లీ పచ్చడి, ఊరుమీద ప్రేమ ఉన్నవాళ్లకు రాయలసీమ. మొదటి రెండు వాక్యాల్లోనే విషయం తేలాలి: ‘వేయించిన పల్లీలతో చేసే ఈ పచ్చడిని రాయలసీమలో ఊరిబిండి అంటారు. అక్కడ పల్లీల్ని చెనిక్కాయలనీ బుడ్డలనీ అంటారు.’ ఇందులో ఆరు కీవర్డ్‌లున్నాయి. చదివేవాళ్లకు మాత్రం అవి కీవర్డ్‌లని తోచదు, సమాచారంలా అనిపిస్తుంది. అదే కొందరు ఎస్‌ఈఓ నిపుణుల చేతికిస్తే ఇలా తయారవుతుంది: ‘ఊరిబిండి తయారీ తెలుసుకోవాలనుకుంటే ఈ ఊరిబిండి తయారీ విధానంలో ఊరిబిండి ఎలా తయారుచేయాలో చూడండి.’ ఎదురుగా కూర్చుని ఎవరైనా ఇలా మాట్లాడితే లేచి వెళ్లిపోమూ? ఇన్ని వందల పదాలకు ఇన్నిసార్లు కీవర్డ్ పడాలనే లెక్క ఏదీ గూగుల్ పెట్టలేదు. మోతాదు మించి కూరడాన్ని మాత్రం తన నియమాల్లో స్పామ్ కింద చేర్చింది.

ఫొటోలను చాలామంది మర్చిపోతారు. ఫోన్ పెట్టిన అంకెల పేరుతోనే ఎక్కించేస్తారు. బొమ్మ వెనక ‘ఆల్ట్’ అని ఒక వాక్యం రాసే చోటు ఉంటుంది. చూపులేనివాళ్ల కంప్యూటర్ ఆ వాక్యాన్ని చదివి వినిపిస్తుంది. ‘రోట్లో బరకగా నూరిన ఊరిబిండి’ అని రాస్తే వాళ్లకు బొమ్మ అందుతుంది, సెర్చ్ ఇంజిన్‌కూ అందుతుంది.

ఇదంతా మంచివాళ్ల సంగతి. జనం కొట్టే మాటేదో తెలిస్తే దాన్నే ఎరగా వాడుకునేవాళ్లకూ లోటు లేదు. సినిమా సైట్లలో ‘ఓటీటీ రిలీజ్ డేట్’ అని పెద్దక్షరాల్లో పెట్టి, పది పేరాలు తిప్పి, చివర్లో ‘తేదీ ఇంకా ప్రకటించలేదు’ అనే పేజీలు అందరికీ అనుభవమే. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టనట్టు. అవి విసుగు తెప్పిస్తాయి, డబ్బు పోదు. డబ్బు పోయే రకం వేరే ఉంది. తిరుమలలో గదులు, దర్శనం టికెట్లు అని వెతికేవారి కోసం అసలు సైట్‌ను పోలిన నకిలీ సైట్లు పుడుతూనే ఉన్నాయి. టీటీడీ వాటిమీద ఫిర్యాదులు చేస్తూ, భక్తుల్ని హెచ్చరిస్తూ వస్తోంది. 2024 జనవరిలో సేవలన్నిటికీ కలిపి కొత్త చిరునామా ఇచ్చింది. ఏదో బ్యాంకు పేరు పక్కన ‘కస్టమర్ కేర్ నంబర్’ అని చేర్చి మోసగాళ్ల ఫోన్ నంబరు పెట్టే పేజీలదీ ఇదే దారి. కంగారులో ఉన్న మనిషి ఏ మాట కొడతాడో వాళ్లకు బాగా తెలుసు. డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన నంబరు 1930.

ఈమధ్య ఇంకో మార్పు వచ్చింది. 2024 ఆగస్టు నుంచి భారత్‌లోనూ గూగుల్ చాలా ప్రశ్నలకు లింకుల పైనే ఏఐతో రాయించిన జవాబు చూపిస్తోంది. అరచెంచా ఉప్పా, చెంచాడా అన్నది అక్కడే తెలిసిపోతే మనిషి సైట్ దాకా రాడు. దానికితోడు ఫోన్‌తో నోటిమాటగా అడిగేవాళ్లు పెరిగారు. తెలుగులో గొంతుతో వెతికే సౌకర్యం 2017లో వచ్చింది. కొట్టేటప్పుడు ‘పల్లీ పచ్చడి తయారీ’ అనే మనిషి నోటితో అడిగేటప్పుడు ‘పల్లీ పచ్చడి ఎట్ల చెయ్యాలె’ అంటాడు, లేదా ‘ఎలా చేస్తారండీ’ అంటాడు. కీవర్డ్‌కు యాస కూడా వచ్చేసింది.

పేజీ పేరు మార్చిన రెండు నెలలకు కడప ఆవిడ గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచారు. సైట్ యజమానులకు ఉచితంగా దొరికే పరికరమిది. జనం ఏం కొడితే తన పేజీ కనబడిందో, ఎంతమంది నొక్కారో అందులో వరసగా ఉంటుంది. ‘పల్లీ పచ్చడి రాయలసీమ’, ‘సంగటిలోకి పచ్చడి’, ‘బుడ్డల చట్నీ’ కనబడ్డాయి. కాస్త కిందికి జరిపితే ఒక వరస దగ్గర చూపు ఆగింది. ‘ఊరిబిండి ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది’. ఆ మాటకు పేజీ చాలాసార్లు కనబడింది, నొక్కినవాళ్లు ఒక్కరూ లేరు. చూసుకుంటే నిల్వ గురించి ఆవిడ ఎక్కడా రాయనే లేదు. అమ్మకు ఫోన్ చేసి అడిగారు.

“నిలవ యాడుంటాది మే, పొద్దున నూరింది మాపటికి మిగిల్తే గదా!”

ఆ జవాబును ఆవిడ ఉన్నదున్నట్టు పేజీలో పెట్టారు. పైన ఉపశీర్షికగా జనం కొట్టిన మాటనే రాశారు. కింద రెండు వాక్యాలు చేర్చారు: నీళ్లు తగలకుండా నూరితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, నీళ్లు పోసి నూరితే ఆ పూటకే.